మంట ఒకటే, వేడి వేరు: గ్యాస్ పొయ్యి మీద ఏ వంటకు ఎంత సెగ, ఎందుకు

ఒకే పొయ్యి మీద, నాబ్‌ను కదపకుండా, మూడు గిన్నెలను ఒకదాని తర్వాత ఒకటి పదేసి నిమిషాలు పెట్టామని ఊహించుకుందాం. మొదటిదానిలో లీటరు నీళ్లున్నాయి, రెండోదానిలో లీటరు నూనె ఉంది, మూడోది ఖాళీ పెనం. నీళ్లు కొద్ది నిమిషాల్లోనే మరిగి, ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచిపోతాయి. నూనె 200 డిగ్రీలు దాటి పొగలు చిమ్మే స్థితికి చేరుతుంది. ఖాళీ పెనం అంతకన్నా ఎక్కువ కాలుతుంది. దాని మీద నాన్‌స్టిక్ పూత ఉంటే, ఆ పూత చెడిపోవడం మొదలయ్యే 260 డిగ్రీలను కూడా దాటిపోతుంది. చేసి చూడదగిన ప్రయోగం కాదిది, ఊహలోనే ఉంచడం మంచిది. కానీ మంట ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వస్తుందో అర్థమైతే, అన్నం నుంచి అప్పడం దాకా దేనికి ఏ మంట పెట్టాలన్నది చాలావరకు తేలిపోతుంది.

నాబ్ తిప్పినప్పుడు మారేది నిమిషానికి ఎంత గ్యాస్ మండుతుందన్నది మాత్రమే. పదార్థానికి తగిలే వేడి ఎంతన్నది, మంటకూ దానికీ మధ్య ఏముందన్న దాన్నిబట్టి ఉంటుంది. మధ్యలో నీరు ఉండవచ్చు, ఆవిరి ఉండవచ్చు, నూనె ఉండవచ్చు, ఉత్త లోహమే ఉండవచ్చు. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కో హద్దు ఉంది. వంటల వీడియోల్లో వినిపించే "హై", "మీడియం", "సిమ్" అనే మాటలు ఈ హద్దుల గురించి ఏమీ చెప్పవు. పైగా ఒక ఇంటి చిన్న బర్నర్ మీది "మీడియం", మరో ఇంటి పెద్ద బర్నర్ మీది "సిమ్"కు దగ్గరగా ఉండవచ్చు.

ముందుగా మంట సంగతి

మన ఇళ్లకు వచ్చే 14.2 కిలోల సిలిండర్‌లో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. రెగ్యులేటర్ దాని ఒత్తిడిని తగ్గించి పొయ్యికి పంపుతుంది. అక్కడ జెట్ అనే సన్నని రంధ్రం గుండా దూసుకొచ్చే గ్యాస్, దారిలో కొంత గాలిని తనతో లాక్కుని బర్నర్‌లోకి చేరుతుంది. ఈ గాలి సరిపడా అందితే మంట నీలంగా, నిలకడగా, కొద్దిపాటి చప్పుడుతో మండుతుంది. గాలి చాలకపోతే గ్యాస్ పూర్తిగా మండదు. మండని కార్బన్ రేణువులే ఎర్రగా కాలి మంటకు పసుపు రంగునిస్తాయి, అవే గిన్నె అడుగున మసిగా అంటుకుంటాయి. గిన్నెలు నల్లబడుతున్నాయంటే గిన్నెను తోమి ఊరుకుంటే సరిపోదు, బర్నర్‌ను విప్పి చూడాలి. చాలా ఇళ్లలో పొంగిపోయిన పాలు, గంజి ఎండిపోయి బర్నర్ కన్నాలను మూసేసి ఉంటాయి. పూర్తిగా మండని గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ కూడా వెలువడుతుంది కనుక, కిటికీలు మూసిన వంటగదిలో పసుపు మంటను పట్టించుకోకుండా వదిలేయడం ప్రమాదం.

గృహ వినియోగపు గ్యాస్ పొయ్యిలకు భారతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలి. అంటే మండిన గ్యాస్ వేడిలో అంత భాగం గిన్నెకు చేరాలి. పరీక్షా కేంద్రంలో తగినంత వెడల్పైన గిన్నెతో వచ్చే అంకె అది. ఇంట్లో చిన్న టీ గిన్నెను పెద్ద బర్నర్ మీద పెట్టి, మంట గిన్నె పక్కల మీదుగా పైకి పాకేలా నాబ్ తిప్పితే, ఆ పైకి పాకిన భాగం కాడను కాల్చడానికీ, గదిని వేడి చేయడానికీ తప్ప టీకి పెద్దగా పనికిరాదు. మంట అంచు గిన్నె అడుగు అంచును దాటకూడదన్నది గుర్తుంచుకోవడానికి సులువైన కొలత.

కొన్ని నగరాల్లో ఇప్పుడు పైపుల ద్వారా వస్తున్నది వేరే గ్యాస్. అందులో ప్రధానంగా ఉండేది మీథేన్. అదే పరిమాణంలో దాని నుంచి వచ్చే వేడి తక్కువ కాబట్టి జెట్ రంధ్రం పెద్దదిగా ఉండాలి. సిలిండర్ పొయ్యిని ఏ మార్పూ చేయకుండా పైపుకు తగిలిస్తే మంట నీరసంగా వస్తుంది. మీథేన్ గాలికన్నా తేలిక, సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు. సిలిండర్ గ్యాస్ కారితే నేల మీద పరచుకుంటుంది కనుక, ఆ సమయంలో ఫ్యాన్ స్విచ్చితో సహా ఏ స్విచ్చీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి తలుపులు బార్లా తెరవాలని చెప్పేది ఇందుకే.

నీరు ఉన్నంతసేపు వంద డిగ్రీలే

గిన్నెలో నీరు ఉన్నంతవరకు, అందులోని పప్పుకు గానీ ముక్కలకు గానీ తగిలే వేడి 100 డిగ్రీలను దాటదు. పులుసు తెర్లుతున్నప్పుడు మంట పెంచితే తొందరగా ఉడుకుతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది గానీ, అందులో నిజం లేదు. పెంచిన మంటంతా నీటిని మరింత వేడి చేయడానికి కాక ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. బంగాళాదుంప ముక్క ఎగిరెగిరి పడుతున్న నీళ్లలో ఉన్నా, నెమ్మదిగా బుడగలు వస్తున్న నీళ్లలో ఉన్నా ఇంచుమించు ఒకే సమయంలో ఉడుకుతుంది. మొదటిదానిలో అంచులు చితికి పులుసు చిక్కబడుతుంది, అంతే తేడా.

ఈ ఖర్చు ఎంతో లెక్క వేయవచ్చు. 30 డిగ్రీలున్న లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. అదే నీరు మొత్తం ఆవిరైపోవడానికి ఆపైన మరో 540 కిలో కేలరీలు కావాలి, అంటే ఏడు రెట్లకు పైగా. కిలో వంటగ్యాస్ నుంచి సుమారు 11 వేల కిలో కేలరీలు వస్తాయి. మంచి పొయ్యి మీద లీటరు నీళ్లు మరగడానికి సుమారు 10 గ్రాముల గ్యాస్ పడితే, ఆ నీటినంతా ఆవిరి చేయడానికి సుమారు 70 గ్రాములు పడుతుందన్నమాట. మరుగు వచ్చేవరకు పెద్ద మంట, వచ్చాక మరుగు ఆగనంత సన్న సెగ, పైన మూత: ఈ అలవాటు వెనక ఉన్నది ఈ లెక్కే. రసం, పులిహోర పులుసు వంటివి చిక్కబడాలంటే నీరు పోక తప్పదు కాబట్టి అక్కడ మూత తీసి మంట పెంచడం సబబే.

అన్నం విషయంలో మరో సంగతి గమనించాలి. బియ్యంలోని పిండిపదార్థం సుమారు 70 డిగ్రీల దగ్గరే నీరు పీల్చి ఉబ్బి మెత్తబడడం మొదలుపెడుతుంది. గింజ నడిమి వరకు నీరు చేరడానికి పట్టే సమయమే అసలు ఆలస్యం. బియ్యాన్ని ముందుగా నానబెడితే ఆ ప్రయాణంలో సగం పొయ్యి ఎక్కకముందే పూర్తవుతుంది. అత్తెసరు పెట్టినప్పుడు ఎసరు ఇంకిపోయి గింజల మధ్య కన్నాలు కనిపించగానే మంటను బాగా తగ్గించి మూత పెట్టమని పెద్దవాళ్లు చెప్పేది, అడుగున నీరు అయిపోయాక అక్కడి హద్దు తొలగిపోయి మెతుకు మాడుతుంది కనుక. గంజి వార్చే పద్ధతిలో ఆ భయం లేదు, నీరు చివరిదాకా ఉంటుంది. అయితే గంజితో పాటు నీటిలో కరిగే విటమిన్లు కొన్ని పోతాయి. కొత్త బియ్యం తక్కువ నీటితోనే ముద్దవుతాయి, పాత బియ్యం ఎక్కువ నీరు పీల్చి పొడిపొడిగా వస్తాయి. కాబట్టి ఒకటికి రెండు అనే ఎసరు కొలత బస్తా మారినప్పుడల్లా సవరించుకోవలసినదే.

పప్పు ఉడకకపోతే చాలామంది మంటను నిందిస్తారు. నిజానికి తప్పు తరచుగా నీటిది, లేదంటే పులుపుది. పప్పు కణాల గోడలను అతికి ఉంచేది పెక్టిన్. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అది మరింత బిగుసుకుంటుంది, పులుపు తగిలినా కరగడానికి మొరాయిస్తుంది. బోరు నీళ్లలో గంట సేపు కుతకుతలాడినా కందిపప్పు బద్దలుగానే మిగిలిపోవడానికి మొదటిది కారణం. చింతపండు పులుసును పప్పు మెదిగాకే పోయాలనడానికి రెండోది కారణం. ఇదే నియమం ముక్కల పులుసుకూ వర్తిస్తుంది: దుంపలను ముందు ఉత్త నీళ్లలో ఉడికించి తర్వాత చింతపండు రసం పోస్తే మెత్తబడతాయి, మొదటే పోస్తే లోపల గట్టిగా ఉండిపోతాయి. ఈ మొరాయింపును మనకు అనుకూలంగా వాడుకోవడమూ ఉంది. పులుసులో బెండకాయ, ఆనపకాయ ముక్కలు చితకకుండా నిలవాలంటే ముందే పులుపు తగలడం మేలు.

నీరు మరిగే వేడి ఊరిని బట్టి కూడా కొద్దిగా మారుతుంది. విశాఖ సముద్ర తీరంలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ రెండు డిగ్రీల తేడా పెద్దగా తెలియదు. అమెరికాలో 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో కాపురం పెట్టిన తెలుగువారికి మాత్రం బాగానే తెలుస్తుంది. అక్కడ నీరు 95 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కుక్కర్ లేకుండా శనగలు ఉడకడం ఓపికకు పరీక్షే.

పాలు కూడా ప్రధానంగా నీరే, కానీ ప్రవర్తన వేరు. వేడెక్కే కొద్దీ పాల మీద మాంసకృత్తులు, కొవ్వు కలిసి ఒక పొరగా కడతాయి. అడుగు నుంచి లేచే ఆవిరి బుడగలు ఆ పొర కింద చిక్కుకుని, దాన్ని ఎత్తుకుంటూ ఒక్కసారిగా పైకి వస్తాయి. మరోవైపు, కొన్ని పాల మాంసకృత్తులు 70 డిగ్రీలు దాటాక గడ్డకట్టి గిన్నె అడుగున అంటుకుంటాయి. పల్చటి స్టీలు గిన్నెలో పాలు పెద్ద మంట మీద పెడితే రెండు ఆపదలూ కలిసి వస్తాయి. గిన్నెను నీళ్లతో తొలిచి ఆ తడి మీదే పాలు పోయడం, మధ్యస్థ మంట, అప్పుడప్పుడు గరిటెతో పొరను చెదరగొట్టడం. వీటికి మించిన కిటుకు లేదు.

ఆవిరి, కుక్కర్, విజిళ్ల లెక్క

ఇడ్లీ పాత్రలోని ఆవిరి వేడి కూడా 100 డిగ్రీలే అయినా, ఇడ్లీ పది పన్నెండు నిమిషాల్లో ఉడికిపోతుంది. చల్లటి పిండి మీద తగిలిన ఆవిరి తిరిగి నీరుగా మారుతూ, ఆవిరి కావడానికి తాను పుచ్చుకున్న వేడినంతా అక్కడ వదిలేస్తుంది. అందుకని రేకులు లోపల పెట్టేముందే నీళ్లు బాగా మరుగుతూ ఉండాలి, సెగ ఆవిరి తెంపు లేకుండా వచ్చేలా ఉండాలి.

ప్రెషర్ కుక్కర్ చేసే పని నీటి హద్దును పైకి జరపడం. మూత బిగించి ఆవిరిని లోపలే ఆపితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే నీరు మరిగే వేడి పెరుగుతుంది. ఇళ్లలో వాడే మామూలు కుక్కర్‌లో బరువు లేచే సమయానికి లోపల సుమారు 120 డిగ్రీలుంటుంది. ఆ ఇరవై డిగ్రీలతోనే గంట పట్టే శనగలు ఇరవై నిమిషాల లోపు ఉడుకుతాయి.

విజిల్ అంటే ఒత్తిడి గరిష్ఠ స్థాయికి చేరి, అదనపు ఆవిరి బయటికి పోయిందన్న సూచన మాత్రమే. అది సమయాన్ని కొలవదు. పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో మూడు విజిళ్లు రావచ్చు. ఒత్తిడి నిండాక సన్న సెగ మీద ఉంచితే పది నిమిషాలైనా ఒక్కటీ రాకపోవచ్చు. లోపలి వేడి మాత్రం రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, అక్కడి నుంచి గడియారం చూసుకుంటే పప్పుకు, మాంసానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఏ పొయ్యి మీదైనా ఒకే తీరుగా చెప్పవచ్చు. "ఆరు విజిళ్లు రానివ్వండి" అన్న సలహా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లగానే ఎందుకు బెడిసికొడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ పద్ధతి వల్ల మరో లాభం ఉంది: నీరు అనవసరంగా ఆవిరై పోదు, పప్పు నురగ ఆవిరి గొట్టంలోకి ఎగదన్నదు. పప్పుధాన్యాలు వేసినప్పుడు కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదనడం, మూత పెట్టేముందు గొట్టాన్ని ఎత్తి వెలుతురుకు చూడాలనడం కూడా ఆ నురగను దృష్టిలో పెట్టుకునే. ఒత్తిడి ఉండగానే బరువును ఎత్తేస్తే లోపలి 120 డిగ్రీల ద్రవానికి హద్దు ఒక్కసారిగా 100కు పడిపోతుంది, అది అడుగు నుంచి భళ్లున తెర్లుతూ పైకి తన్నుకొస్తుంది. మాంసమైతే ముక్కలోని తేమ కూడా అలాగే ఎగిరిపోయి పీచుపీచుగా మిగులుతుంది.

నీరు ఇగిరిపోయే ఘడియ

గ్యాస్ పొయ్యి మీద మాడిపోయే కూరల్లో ఎక్కువ భాగం మాడేది ఒక్క ఘట్టంలోనే: గిన్నెలో నీరు అయిపోయి నూనె, మసాలా మాత్రమే మిగిలిన ఆ ఒకటి రెండు నిమిషాల్లో. అప్పటిదాకా 100 డిగ్రీల దగ్గర కాపలా కాస్తున్న నీరు వెళ్లిపోగానే, అదే మంట మీద అడుగు వేడి చూస్తూ ఉండగానే 150 డిగ్రీలు దాటిపోతుంది. కూరకు రంగు, ఘుమఘుమ వచ్చేదీ అప్పుడే, ఎందుకంటే మాంసకృత్తులు, చక్కెరలు కలిసి గోధుమ రంగుకు తిరిగే చర్య చురుగ్గా సాగాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. నీరున్నంతసేపు ఆ చర్య నత్తనడక నడుస్తుంది. అంటే రుచికీ మాడుకూ మధ్య దూరం చాలా తక్కువ.

వేటమాంసం ఇగురులో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ముక్కలు తమ నీరు తాము వదులుతాయి. మూత కింద, సన్న సెగ మీద, ఆ నీటిలోనే చాలాసేపు మగ్గాలి. ముదురు మాంసాన్ని అంటిపెట్టుకుని ఉండే కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తి 70 డిగ్రీలు దాటిన తడి వేడిలో గంటల మీద కరిగి జెలటిన్‌గా మారితే గానీ ముక్క మెత్తబడదు. ఈ దశలో పెద్ద మంట వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ తర్వాత మూత తీసి మంట పెంచాలి. చెవి పెట్టి వింటే, కుతకుతమంటున్న చప్పుడు పలచబడి, కాసేపటికి చిటపటగా మారుతుంది. మసాలా అంచుల నుంచి నూనె విడివడి మెరుస్తుంది. నూనె పైకి తేలిందంటే నీరు దాదాపు అయిపోయిందని అర్థం. వంటపుస్తకాలు చెప్పే ఏ నిమిషాల లెక్కకన్నా ఇది నమ్మదగిన గుర్తు. అక్కడి నుంచి గరిటె ఆపకూడదు, మంట తగ్గాలి. అడుగు పట్టబోతోందనిపిస్తే రెండు చెంచాల నీళ్లు చల్లితే హద్దు మళ్లీ 100కు దిగి వస్తుంది. గుత్తివంకాయకూ, పులిహోర పులుసుకూ, ఉల్లిపాయ వేగి ఎర్రబడడానికీ ఇదే క్రమం.

చేపల పులుసులో ఈ దశకు వెళ్లే పనే లేదు. చేప కండ 60 డిగ్రీల లోపే గట్టిపడుతుంది, దానిలో కరగవలసిన కొల్లాజెన్ కొద్దిగానే ఉంటుంది. పులుసు ముందే మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకుని తిప్పుతూ కొద్ది నిమిషాల్లో దించేయడమే న్యాయం.

బెండకాయ వేపుడులో సమస్య తిరగబడుతుంది. ఇక్కడ నీరు ఎంత తొందరగా పోతే అంత మంచిది. కడిగి ఆరబెట్టని కాయలు, ఇరుకు మూకుడు, పైన మూత, సన్న సెగ: ఈ నాలుగూ కలిస్తే ముక్కలు తమ ఆవిరిలోనే ఉడికి జిగురు సాగుతాయి. వెడల్పు మూకుడు, మూత లేకుండా మధ్యస్థానికి పైన మంట, చివర్లోనే ఉప్పు పెడితే జిగురు ఎండిపోయి ముక్క విడివిడిగా వేగుతుంది. ఉప్పు ముందే వేస్తే అది నీటిని బయటికి లాగుతుంది.

నూనె: హద్దు లేని వేడి

నూనె మరిగి ఆగదు; పొగ వచ్చి, చివరికి అంటుకుంటుంది. అదే బరువున్న నీటితో పోలిస్తే సగం వేడితోనే అంతే కాగుతుంది కూడా. అందువల్ల నూనె దగ్గర మాత్రం నాబ్ నిజంగానే వేడిని శాసిస్తుంది, మన కన్ను దాని మీద ఉండాలి. గారెలు, పకోడీలు, పూరీలకు కావలసినది 170 నుంచి 190 డిగ్రీలు. చిటికెడు పిండి వేస్తే అడుగుకు వెళ్లి వెంటనే తేలిందంటే ఇంచుమించు ఆ వేడి వచ్చినట్లే. పూరీకి ఈ పరిధిలో పైభాగం కావాలి, ఎందుకంటే పైపొర గట్టిపడేలోపే లోపలి తేమ ఆవిరై పొంగించాలి. గారె దళసరి కాబట్టి అంత వేడి పనికిరాదు; పైన ఎర్రబడి లోపల పిండిపిండిగా ఉంటుంది.

వేగుతున్నప్పుడు కనిపించే బుడగలు నూనెవి కావు, పదార్థంలోంచి తోసుకొస్తున్న ఆవిరివి. ఆ ఆవిరి బయటికి వస్తున్నంతసేపు నూనె లోపలికి పోలేదు. బుడగలు తగ్గాయంటే తేమ అయిపోవచ్చిందని అర్థం. ఒకేసారి ఎక్కువ వేస్తే, వాటిలోని నీటిని ఆవిరి చేయడానికే నూనె వేడి ఖర్చయి, ఉష్ణోగ్రత పడిపోతుంది, పైపొర గట్టిపడడం ఆలస్యమవుతుంది. చాలామంది గమనించని విషయం మరొకటుంది: వేపుడు పీల్చే నూనెలో పెద్ద భాగం మూకుడులో కాదు, బయటికి తీసిన తర్వాత లోపలికి వెళ్తుంది. చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి నీరుగా ముడుచుకుని, పైనున్న నూనెను లోనికి లాక్కుంటుంది. జల్లిగరిటెలో తీసిన వెంటనే బాగా విదిలించి, వేడి మీదే కాగితం మీద వేయడం వల్ల ఫలితం ఉండేది అందుకే.

తాలింపు లేదా పోపు అంటే కొన్ని క్షణాల్లో ముగిసే వేపుడు. గింజలోని తేమ ఆవిరై పొట్టును పగలగొట్టినప్పుడు ఆవాలు చిటపటలాడతాయి, కనుక నూనె కాగకముందు వేస్తే చేదుగా నానతాయి. శనగపప్పు, మినప్పప్పులకు సమయం కావాలి కాబట్టి మంట తగ్గాలి. ఎండుమిర్చి, జీలకర్ర, మెంతులు త్వరగా మాడతాయి, కరివేపాకు తడి వల్ల చిమ్ముతుంది. కారప్పొడిలో దాన్ని కాపాడే తేమ ఏమీ లేదు. మంట కట్టేశాక, నూనెలో మిగిలిన వేడికే వేయాలి. ఒకవేళ నూనె అంటుకుంటే నీళ్లు ఎంతమాత్రం పోయకూడదు. మంట కట్టేసి మూత పెట్టి గాలి ఆడకుండా చేయాలి.

గిన్నె, పెనం, ఉత్త మంట

మంట గిన్నె అడుగున ఒక వలయంలా తగులుతుంది. అల్యూమినియం, రాగి ఆ వేడిని వెంటనే అన్ని వైపులకూ పంచుతాయి. స్టీలు వేడిని పంచడంలో అల్యూమినియంకన్నా పది రెట్లకు పైగా వెనకబడి ఉంటుంది. పల్చటి స్టీలు గిన్నెలో ఉప్మా సరిగ్గా బర్నర్ ఆకారంలో వలయంగా మాడడం దీని ఫలితమే. అడుగున రాగి గానీ అల్యూమినియం గానీ పొదిగిన స్టీలు గిన్నెలు ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చినవి. చింతపండు వంటలకు వాడే ఇత్తడి గిన్నెలకు లోపల పూసే కళాయి తగరం. అది 232 డిగ్రీలకే కరుగుతుంది. లోపల నీరుంటే ఏ ప్రమాదమూ లేదు గానీ, ఖాళీ ఇత్తడి గిన్నెను పెద్ద మంట మీద మరిచిపోతే కళాయి బొట్లుబొట్లుగా కదిలిపోతుంది. రాచ్చిప్ప, మట్టి దాక ఇందుకు పూర్తిగా భిన్నం: నెమ్మదిగా కాగుతాయి, నెమ్మదిగా చల్లారుతాయి, ఒక్కసారిగా పెద్ద మంట తగిలితే బీటలు వారతాయి. వాటిలో చారు పొంగకముందే మంట కట్టేసినా, తర్వాత కాసేపు మరుగుతూనే ఉంటుంది.

దోసెల పెనం మీద ఉష్ణోగ్రతను నీటి చుక్కలే చెబుతాయి. చల్లిన చుక్క చుయ్‌మని వెంటనే ఎండిపోతే దోసెకు అనువైన వేడి. చుక్క ఇంకకుండా గుండ్రంగా మారి పెనం మీద దొర్లుతూ ఉంటే, కింద ఏర్పడిన ఆవిరి పొర దాన్ని మోస్తోందని అర్థం. పెనం దాదాపు 200 డిగ్రీలకు చేరిందన్నమాట. అప్పుడు పిండి వేస్తే తగిలిన చోటే గడ్డకట్టి గరిటె వెంట లేచొస్తుంది, తిరగదు. నీళ్లు చల్లి, ఉల్లిపాయ ముక్కతో తుడిచి, పెనాన్ని కొద్దిగా చల్లార్చి పిండి తిప్పాక మంట పెంచాలి. ప్రతి దోసెకూ ఇలా తగ్గించి పెంచడం తప్పదు. పెసరట్టు పిండి మరికాస్త దళసరి, తేమ ఎక్కువ. దానికి మధ్యస్థ మంట మీద ఎక్కువ సమయం కావాలి. ఊతప్పానికి మూత కూడా కావాలి, పైభాగం ఆవిరికే ఉడకాలి కనుక.

మధ్యలో ఏదీ లేకుండా మంటే నేరుగా తగిలేవాటిలో ముఖ్యమైనవి రెండు: పుల్కా, కాల్చిన వంకాయ. పెనం మీద రెండు వైపులా పొర కట్టిన పుల్కాను మంట మీద పెడితే, లోపలి తేమ క్షణాల్లో ఆవిరై రెండు పొరలనూ విడదీస్తుంది. పొర ఎక్కడైనా చిరిగి ఉంటే ఎంత మంట పెట్టినా పొంగదు. వంకాయ విషయంలో తొక్క మాడి బొగ్గవుతున్నా లోపలి గుజ్జు తన నీటిలోనే 100 డిగ్రీల దగ్గర ఉడుకుతుంది. పచ్చడికి వచ్చే పొగ వాసన గ్యాస్‌ది కాదు, మాడిన తొక్కది. మంట నీలంగా ఉంటే గ్యాస్ తన వాసన ఏమీ అంటించదు, పసుపుగా ఉంటే మసి అంటుతుంది. కాయకు నూనె రాసి, నాలుగు చోట్ల గాట్లు పెట్టి, మధ్యస్థ మంట మీద తిప్పుతూ కాల్చాలి. గాట్లు లేకపోతే ఆవిరి దారి దొరక్క కాయ పగలవచ్చు. తొడిమ దగ్గర గుజ్జు చివరగా మెత్తబడుతుంది కాబట్టి, చాకు మొన అక్కడ ఆగకుండా దిగినప్పుడే మంట కట్టేయాలి.